ఒంటి మీది గాడ్జెట్లకు డ్రైవింగ్‌లో సెలవు: వాచీ, ఇయర్‌బడ్స్, స్మార్ట్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టడం ఎలా

నాకు బుద్ధొచ్చిన రోజు గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసినదంతా ఆ రోజు నుంచే మొదలైంది. కారు నడుపుతున్నాను. ఫోన్ వెనక సీట్లో బ్యాగులో ఉంది, ఆ ఒక్క విషయంలో నా అంత క్రమశిక్షణ ఉన్నవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఎడమ మణికట్టు మీద వాచీ చిన్నగా వణికింది. చూద్దామని అనుకోలేదు, చూడాలా వద్దా అని ఆలోచించనూ లేదు, చెయ్యి దానంతటదే తిరిగింది, దాంతో పాటు స్టీరింగూ కాస్త తిరిగింది. తల ఎత్తేసరికి ముందు కారు బ్రేకు లైట్లు ఎర్రగా నా మొహం మీదే ఉన్నాయి. బ్రేకు పెడల్ టకటకలాడుతూ ఆగింది, అదృష్టం బాగుండి తగల్లేదు. పక్కకి తీసి ఆపి, చెమట తుడుచుకుని, ఇంతకీ అంత అర్జెంటుగా ఏమొచ్చిందా అని చూస్తే "బ్యాటరీ 10 శాతమే ఉంది" అని. తనకి ఆకలేస్తోందని చెప్పడానికి వాచీ నన్ను ఇంకొకడి డిక్కీలోకి పంపబోయింది.

అప్పటి నుంచి మా బళ్ళలో ఒక రూల్ ఉంది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్ళ ఒంటి మీద వెలిగేది, వణికేది, మాట్లాడేది ఏదీ ఉండకూడదు. వినడానికి సులువుగానే ఉంటుంది, అమలు చేయబోతే బోలెడు చిక్కులొస్తాయి. వాటిని ఎలా దాటాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ ఒక్కరికోసమైనా, ఇంట్లోవాళ్ళకైనా, మీ కింద నలుగురు డ్రైవర్లు పనిచేస్తున్నా పనికొస్తుంది.

ఫోన్ కంటే ఇదెందుకు చెడ్డది

ఫోన్‌ని బ్యాగులో పడేయొచ్చు, డిక్కీలో పెట్టి మర్చిపోవచ్చు. వాచీ చర్మానికి అంటుకుని ఉంటుంది. శబ్దం వస్తే విననట్టు ఉండొచ్చేమో గానీ ఒంటి మీద వణుకు పుడితే పట్టించుకోకుండా ఉండటం మన చేతుల్లో లేదు, దోమ వాలితే చెయ్యి ఎలా కదులుతుందో అలాగే కదులుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఫోన్ తెర మీద వేలు జరపడానికి ఒక చెయ్యి చాలు, వాచీకి అలా కాదు. వాచీ ఉన్న చెయ్యి ఎత్తి మొహం ముందుకి తెచ్చుకోవాలి, రెండో చేతి వేలితో తెర జరపాలి. అంటే ఆ కాసేపూ స్టీరింగ్ మీద సరిగ్గా ఏ చెయ్యీ లేనట్టే. పైగా తెర చిన్నది, అక్షరాలు చిన్నవి, బండి కుదుపుల్లో అవి చదవడానికి కళ్ళు ఇంకాసేపు అక్కడే ఉండిపోతాయి.

యాపిల్ వాచ్ వచ్చిన కొత్తల్లో బ్రిటన్‌లో టీఆర్ఎల్ అనే రవాణా పరిశోధన సంస్థ లెక్క ఒకటి బాగా తిరిగింది. అనుకోని ప్రమాదం ఎదురైతే, పక్కవాళ్ళతో మాట్లాడుతున్న డ్రైవరు 0.9 సెకన్లలో స్పందిస్తే, చేతిలో ఫోన్ ఉన్నవాడికి 1.85 సెకన్లు, వాచీ చూస్తున్నవాడికి 2.52 సెకన్లు పట్టింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఈ లెక్కన వాచీ చూస్తున్నవాడి కాలు బ్రేకు మీద పడేలోపే బండి 42 మీటర్లు వెళ్ళిపోతుంది. బ్రేకు పట్టి ఆగడానికి పట్టే దూరం అదనం.

కార్లో బిగించి వచ్చే తెరలకైతే అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది, ఒక్కో చూపూ 2 సెకన్లు దాటకూడదు, పని మొత్తానికి అన్ని చూపులూ కలిపి 12 సెకన్లు దాటకూడదు అని. కార్ల కంపెనీలు మెనూలు తయారు చేసేటప్పుడు ఇలాంటివి తలలో పెట్టుకుని చేస్తాయి. మణికట్టు మీది గడియారాన్ని తయారు చేసినవాళ్ళు మాత్రం మీరు సోఫాలో కూర్చుని చూస్తారనుకుని చేశారు.

రూల్‌ని సరిగ్గా రాసుకోవడం

మొదటి పని ఇదే, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. "డ్రైవింగ్‌లో స్మార్ట్ వాచ్ వాడకూడదు" అని రూల్ పెడతారు. ఆ "వాడకూడదు" అన్న మాట పనికిరాదు. వాడుతున్నానో లేదో తేల్చేదెవరు? ఒక్క క్షణం టైం చూడటం వాడటమేనా? పాట మార్చడం?

2013 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గర వేగంగా వెళ్తున్న ఒకావిడని పోలీసులు ఆపారు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆవిడ మొహానికి గూగుల్ గ్లాస్ ఉంది, కంటి పక్కన చిన్న తెర ఉండే కళ్ళజోడు. డ్రైవరుకి కనిపించేలా వీడియో తెర ఉండకూడదన్న చట్టం కింద టికెట్ రాశారు. 2014 జనవరిలో కోర్టు ఆ కేసు కొట్టేసింది, ఎందుకంటే అప్పుడు ఆ గ్లాస్ ఆన్‌లో ఉందని ఎవరూ రుజువు చేయలేకపోయారు. పెట్టుకుంది, కానీ వాడుతోందా? చెప్పలేం. అంతే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2018లో వచ్చిన తీర్పు ఇంకో దారిలో వెళ్ళింది. గ్వెల్ఫ్ అనే ఊళ్ళో ఒక విద్యార్థిని సిగ్నల్ దగ్గర ఆగి ఉంది, లైటు పచ్చగా మారినా కదల్లేదు, పక్కన ఉన్న పోలీసుకి ఆవిడ దగ్గర ఏదో తెర వెలుగు కనిపించింది, మాటిమాటికీ కిందికీ పైకీ చూస్తోంది. టైం మాత్రమే చూసుకున్నానని, వాచీ అసలు ఫోన్‌కి కనెక్ట్ అయి లేదని ఆవిడ చెప్పింది. న్యాయాధికారి ఒప్పుకోలేదు, మణికట్టుకి టేపుతో అంటించిన ఫోన్‌కీ దీనికీ దృష్టి మళ్ళించడంలో తేడా ఏమీ లేదన్నాడు, 400 డాలర్ల జరిమానా పడింది. ఆ పోలిక నాకు తెగ నచ్చింది. ఇంట్లో వాదన వచ్చినప్పుడల్లా అదే వాడతాను.

ఈ రెండు కేసుల నుంచి మన రూల్‌కి కావాల్సింది తేలిగ్గా దొరుకుతుంది. రూల్ "వాడకూడదు" అని కాదు, "పెట్టుకోకూడదు" అని ఉండాలి. మణికట్టు ఖాళీగా ఉందా లేదా అన్నది పక్క సీట్లో కూర్చున్న ఆరేళ్ళ పిల్ల కూడా చూసి చెప్పగలదు, వాదించడానికి ఏమీ మిగలదు. అలాగే సిగ్నల్ దగ్గర ఆగినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా డ్రైవింగ్ కిందే లెక్క. బండి పక్కకి తీసి, పార్కింగ్‌లో పెట్టాకే మినహాయింపు.

వస్తువుల పేర్లతో చాంతాడంత లిస్టు రాయకండి. ఈ ఏడాది వాచీ, వచ్చే ఏడాది ఇంకేదో వస్తుంది, అప్పుడు "మీ లిస్టులో ఇది లేదు కదా" అంటారు. అది ఏం చేస్తుందో చెప్పండి: వెలుగుతుందా, వణుకుతుందా, చెవిలో మాట్లాడుతుందా. ఈ మూడింట్లో ఏది చేసినా తీసేయాలి. ఏదీ చేయని స్మార్ట్ ఉంగరాల్లాంటివి ఉంటే ఉండనివ్వండి, వాటితో గొడవ అనవసరం.

డబ్బా, సీట్ బెల్టు

ఇప్పుడు అసలు పద్ధతి. బండిలో మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి పెట్టండి, అడుగున మెత్తటి గుడ్డ వేయండి. గుడ్డ ఎందుకంటే, గట్టి ప్లాస్టిక్ మీద వాచీ వణికితే అది మణికట్టు మీద కంటే పెద్ద గోల చేస్తుంది, నేను మొదటి వారం కప్ హోల్డర్‌లో పడేస్తే కందిరీగ దూరినట్టు ఒకటే బర్రుమనేది, దానికోసం మళ్ళీ చూపు కిందికే. గుడ్డలో పెట్టి, డ్యాష్‌బోర్డ్ అరలో వేసి మూసేస్తే ఏమీ వినిపించదు. ఎండలో నిలబెట్టిన బండిలో మాత్రం వదిలేయకండి, లిథియం బ్యాటరీలకి వేడి పడదు.

తీయడాన్ని మీకు ఆల్రెడీ ఉన్న ఏదో ఒక అలవాటుకి కట్టేయండి. నేను సీట్ బెల్టుకి కట్టాను. బెల్టు పెట్టుకోబోయే ముందు వాచీ తీస్తాను, ఇయర్‌బడ్స్ కేసులో పెడతాను, రెండూ డబ్బాలోకి, ఆ తర్వాతే బెల్టు. వరుస ముఖ్యం. బెల్టు పెట్టుకున్నాక తీద్దామనుకుంటే అప్పటికే బండి కదిలిపోయి ఉంటుంది, కదులుతుండగా వాచీ బెల్టు విప్పడం కంటే దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. టూ వీలర్ మీదైతే హెల్మెట్‌కి కట్టండి: హెల్మెట్ తలకెక్కే ముందు వాచీ జేబులోకి.

మొదటి పది రోజులు మర్చిపోతారు. సగం దారిలో గుర్తొస్తుంది. అప్పుడు నడుపుతూ తీయకండి, ఆగే వీలున్న చోట ఆపి తీయండి, లేదా ఆ ప్రయాణానికి అలాగే వదిలేయండి. స్టీరింగ్ మీద ఒక చిన్న స్టిక్కర్ అంటిస్తే గుర్తుంటుంది అన్నారొకరు, అంటించాను, మూడో రోజు నుంచి అది నా కళ్ళకి కనిపించడం మానేసింది. బెల్టు అలా కాదు, అది ప్రతిసారీ చేత్తో లాగాల్సిందే.

టైం ఎలా చూసుకోవాలి అని అడుగుతారు చాలామంది. డ్యాష్‌బోర్డ్ మీద ఉంటుంది. లేకపోతే ముల్లు గడియారం పెట్టుకోండి, అది మిమ్మల్ని పిలవదు. అడుగుల లెక్క తగ్గిపోతుందని కూడా ఒకాయన బాధపడ్డాడు. అయ్యా, గతుకుల రోడ్డు మీద స్టీరింగ్ ఊగితే కూడా వాచీ అడుగులు వేసేస్తుంది, ఆ లెక్క పోతే మీ ఆరోగ్యానికి వచ్చే లోటేమీ లేదు. ఒకసారి నా వాచీ, గంట నుంచి కూర్చునే ఉన్నారు, లేచి కాస్త నడవండి అని కూడా చెప్పింది, అప్పుడు నేను హైవే మీద ఉన్నాను.

తీయలేని పరిస్థితుల్లో సెట్టింగులు

నా ఓటు ఎప్పుడూ తీయడానికే. కానీ కొందరికి కుదరదు, కొందరికి అలవాటయ్యేదాకా టైం పడుతుంది, అప్పటిదాకా వాచీ నోరు ఎలా మూయించాలో చూద్దాం.

యాపిల్ వాచ్ ఉన్నవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, థియేటర్ మోడ్ పెట్టేసి పనైపోయిందనుకుంటారు. రెండు ముఖాల బొమ్మ ఉంటుందే, అది. దాంతో చెయ్యి ఎత్తినా తెర వెలగదు, శబ్దమూ రాదు, కానీ వణుకు మాత్రం వస్తూనే ఉంటుంది, మన జబ్బంతా ఆ వణుకుతోనే. కాబట్టి దాంతో పాటు డు నాట్ డిస్టర్బ్ కూడా పెట్టాలి. అది పెట్టినా అలారాలూ, గుండె వేగం హెచ్చరికలూ వస్తాయి, అందుకని బండి ఎక్కే టైంలో మోగే అలారాలు ఉంటే మార్చుకోండి.

ఇంకా మంచి దారి, ఐఫోన్‌లో ఫోకస్ కింద ఉండే డ్రైవింగ్ మోడ్. అది ఎప్పుడు ఆన్ అవ్వాలో అడుగుతుంది. ఆటోమేటిక్ అని పెడితే కదలికని బట్టి కనిపెడుతుంది, బస్సులో వెళ్తున్నా ఆన్ అయిపోయి విసిగిస్తుంది, విసుగొచ్చి మీరే తీసేస్తారు. కారు బ్లూటూత్‌కి కనెక్ట్ అయినప్పుడు అని పెట్టండి, తలుపు మూసి స్టార్ట్ చేయగానే పని మొదలవుతుంది. తర్వాత వాచ్ యాప్‌లో జనరల్ కింద ఫోకస్ దగ్గరికి వెళ్ళి, వాచీ ఫోన్‌ని అనుసరించేలా ఉందో లేదో చూడండి. ఇది లేకపోతే ఫోన్ మౌనవ్రతంలో ఉంటుంది, వాచీ మాత్రం వాగుతూనే ఉంటుంది. మీకు మెసేజ్ పెట్టినవాళ్ళకి "డ్రైవింగ్‌లో ఉన్నాను" అని దానంతటదే జవాబు వెళ్ళేలా కూడా పెట్టుకోవచ్చు, ఇది పెట్టాక నాకు సగం టెన్షన్ పోయింది, అవతలివాళ్ళు ఎదురుచూస్తున్నారేమో అన్న ఆత్రమే కదా చెయ్యి తిప్పించేది.

ఆండ్రాయిడ్ వైపు ఫోన్‌ని బట్టి పేర్లు మారతాయి. శాంసంగ్‌లో మోడ్స్ అండ్ రొటీన్స్‌లో డ్రైవింగ్ ఉంటుంది, మిగతావాటిలో సెట్టింగ్స్ పైన వెతికే చోట డ్రైవింగ్ అని కొడితే దొరుకుతుంది. వాచీలో చెయ్యి తిప్పగానే తెర వెలిగే సెట్టింగ్ ఒకటుంటుంది, టిల్ట్ టు వేక్ అనో రెయిజ్ టు వేక్ అనో రాసి ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆపండి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ వాచీ అది తన కోసమే అనుకుని వెలుగుతుంది, రాత్రి చీకట్లో ఆ వెలుగు కంటి చివర తగులుతూనే ఉంటుంది. ఎప్పుడూ వెలుగుతూ ఉండే తెర అయితే అదీ ఆపండి. తక్కువ ధర బ్యాండ్లలో ఇన్ని ఏర్పాట్లు ఉండవు, వాటికి దాని యాప్‌లో నోటిఫికేషన్లు మొత్తం ఆపేయడమే మందు.

అన్నీ పెట్టాక, బండి ఆపి ఉండగానే, ఇంట్లో ఎవరినైనా ఒక మెసేజ్, ఒక కాల్ చేయమనండి. వాచీ వణికితే ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే. ఈ పరీక్ష చేయకుండా ఏ సెట్టింగునీ నమ్మకండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇంకోసారి చేయండి.

చెవుల సంగతి

ఇయర్‌బడ్స్ విషయంలో జనం వాచీ కంటే గట్టిగా వాదిస్తారు. ఒక చెవిలోనే పెట్టుకున్నాను కదా, చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అని. సైరన్ ఏ వైపు నుంచి వస్తోందో మనకి తెలిసేది రెండు చెవులకీ శబ్దం చేరడంలో ఉండే చిన్న తేడా వల్ల. ఒక చెవి మూస్తే అంబులెన్స్ ఉందని తెలుస్తుంది, ఎటు తప్పుకోవాలో తెలియదు. బయటి శబ్దాన్ని అణిచేసే నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంటే అది ఉందని కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి బండి నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడమే నేరం, ఒక చెవిలో పెట్టుకున్నా సరే, సైకిల్ తొక్కేవాళ్ళకి కూడా. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూయకూడదంటారు, ఒకదానికి పర్వాలేదంటారు. నేను ఫ్రాన్స్ పక్షం.

మరి దారి చెప్పే గొంతు? కార్లో స్పీకర్లున్నాయి. టూ వీలర్ మీద హెల్మెట్‌లో అమర్చే స్పీకర్ చెవిని మూయదు కాబట్టి దారి కోసం పెట్టుకుంటే నేనైతే తప్పు పట్టను, బండి కదలకముందే రూట్ పెట్టేసుకుని, కాల్స్ మాత్రం దానిలోకి రానివ్వకుండా ఉంటే.

చేతులు ఖాళీగా ఉంటే చాలన్న నమ్మకం గురించి ఒక్కమాట. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. నోటితో ఆదేశాలు ఇచ్చి ఫోన్‌తో పని చేయించుకున్నాక, ఆ పని అయిపోయినా డ్రైవరు ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని సందర్భాల్లో 27 సెకన్లదాకా పట్టిందట. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు. కాబట్టి వాచీకి "మెసేజ్ చదివి వినిపించు" అని చెప్పడం తెలివైన పనేమీ కాదు, కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి గానీ మనిషి అక్కడ ఉండడు.

కళ్ళద్దాలు, తల మీద పెట్టుకునేవి

గూగుల్ గ్లాస్ జనానికి అమ్మడం 2015లో ఆగిపోయింది కాబట్టి ఆ గొడవ తీరిందనుకున్నాం. మళ్ళీ వచ్చింది. మెటా, రే-బాన్ కలిసి 2023లో తెచ్చిన కళ్ళద్దాల్లో కెమెరా, స్పీకర్లే ఉన్నాయి, 2025లో వచ్చిన ఒక రకంలో అద్దంలోనే తెర ఉంది. చూపు రోడ్డు వైపే ఉంది కదా అంటారు. కన్ను ఎటు తిరిగి ఉందన్నది ఒకటి, మనసు దేన్ని చూస్తోందన్నది ఇంకొకటి. దగ్గర అక్షరాలు చదువుతున్నప్పుడు వాటి వెనక నుంచి నడిచొచ్చే మనిషి కళ్ళకి తగిలినా బుర్రకి ఎక్కకపోవచ్చు.

ఇక్కడ ఎవరూ ముందు ఆలోచించని చిక్కు ఒకటుంది. దూరపు చూపు లోపం ఉన్నవాళ్ళు ఆ స్మార్ట్ ఫ్రేములోనే తమ పవర్ అద్దాలు వేయించుకుంటారు. ఇప్పుడు తీసేయమంటే? తీస్తే రోడ్డే కనిపించదు. కాబట్టి అలాంటివి కొనేవాళ్ళు అదే పవరుతో మామూలు కళ్ళజోడు ఇంకోటి చేయించుకుని బండిలోనే ఉంచాలి, కొనేటప్పుడే ఆ ఖర్చు కూడా కలుపుకోవాలి. రెండో జత చేతికొచ్చేదాకా, బండి ఎక్కే ముందు ఆ ఫ్రేముని స్విచాఫ్ చేయడం ఒక్కటే దారి.

తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌సెట్ల గురించి చెప్పాల్సిన అవసరం రాదనుకునేవాణ్ణి. 2024 ఫిబ్రవరిలో యాపిల్ విజన్ ప్రో అమ్మకానికి వచ్చిన వారంలోపే అది పెట్టుకుని కార్లు నడుపుతున్న వీడియోలు బయటికొచ్చాయి, అప్పటి అమెరికా రవాణా మంత్రి పీట్ బుటిజెజ్, డ్రైవరుకి సాయం చేసే టెక్నాలజీ ఎంత ఉన్నా మనిషి పూర్తి ధ్యాసతో నడపాల్సిందేనని గుర్తు చేయాల్సి వచ్చింది. అందులో మీరు చూసేది రోడ్డుని కాదు, కెమెరాలు తీసి కళ్ళ ముందు తెర మీద వేస్తున్న రోడ్డు బొమ్మని. బ్యాటరీ దానికి తీగతో వేలాడుతుంటుంది. ఆ తీగ ఊడితే ఏమవుతుందో ఊహించుకోండి, ఇంతకంటే దీని గురించి రాయడం దండగ.

ఎవరికి మినహాయింపు

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే అత్యుత్సాహంతో రూల్ పెట్టేవాళ్ళు ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తారు. వినికిడి యంత్రం తీయించకండి, అది పెట్టుకుంటేనే సైరన్ వినిపిస్తుంది, కాకపోతే దాంట్లోకి ఫోన్ కాల్స్, పాటలు వచ్చే బ్లూటూత్ మాత్రం ఆపమనండి. ఇన్సులిన్ పంపు జోలికి వెళ్ళకండి. చక్కెర స్థాయిని నిరంతరం చూసే సెన్సర్ ఒంటికి ఉన్నవాళ్ళకి, షుగర్ పడిపోతోందన్న హెచ్చరిక వచ్చి తీరాలి, నడుపుతూ కళ్ళు తిరగడం అన్నిటికంటే ప్రమాదం. వాళ్ళు చేయాల్సింది: బండి స్టార్ట్ చేయకముందే ఒకసారి అంకె చూసుకోవడం, ఆ ఒక్క హెచ్చరిక తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయడం, అది మోగితే నడుపుతూ అంకె ఎంతో చూడకుండా ముందు బండి పక్కన ఆపి ఆ తర్వాత చూడటం. ఆ శబ్దం మిగతా ఏ శబ్దంలాగా లేకుండా పెట్టుకుంటే ఇంకా నయం.

యాక్సిడెంట్ అయితే దానంతటదే ఫోన్ చేసే సదుపాయం వాచీలో ఉంది కదా, తీసేస్తే ఎలా అని ఒక ప్రశ్న వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. ఐఫోన్ 14 నుంచి ఫోన్లలో కూడా ఆ సదుపాయం ఉంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది, కాబట్టి ఫోన్ బండిలో ఉంటే సరిపోతుంది. ఫోన్‌లో అది లేనివాళ్ళు, ఒంటరిగా దూరం వెళ్ళేవాళ్ళు, వాచీని పైన చెప్పినట్టు పూర్తిగా మౌనంలో పెట్టి చొక్కా చెయ్యి కింద దాచుకుంటే నేను కాదనను.

ఇంట్లో, పనిచోట అమలు చేయడం

ఇంట్లో రూల్ పెట్టాలంటే ముందు మీరు తీయాలి, అది కూడా అందరికీ కనిపించేలా. నేను మా అబ్బాయికి నెలరోజులు చెప్పాను, వినలేదు. మా చిన్నమ్మాయికి "డబ్బా డ్యూటీ" అప్పజెప్పాను, ఎవరు స్టీరింగ్ ముందు కూర్చున్నా డబ్బా తెరిచి వాళ్ళ ముందు పెట్టడం తన పని. "నాన్నా, వాచీ" అని చెయ్యి చాపుతుంది, పెట్టేదాకా తియ్యదు. "అన్నయ్యా, నీది కూడా." వాడు నా మాట తోసేయగలడు గానీ చెల్లెలి చాపిన చేతిని తోసేయలేడు.

డ్రైవరు ఒక్కడి మీదే రూల్ పెడితే సగం పనే అయినట్టు. రెండో సగం, అతనికి ఫోన్ చేసేవాళ్ళది. బయల్దేరిన పావుగంటకే "ఎక్కడిదాకా వచ్చావ్" అని కాల్ చేసేది మనమే, తియ్యకపోతే కంగారుపడేదీ మనమే. లొకేషన్ షేర్ చేసి పెట్టి, "చేరాక నేనే చేస్తా, మధ్యలో చేయొద్దు" అని బయల్దేరే ముందే చెప్పేయండి. మా ఆవిడ మొదట్లో అలిగింది, ఇప్పుడు తనే మా అత్తయ్యకి ఈ రూల్ చెప్తోంది.

డ్రైవర్లని పెట్టుకుని బళ్ళు తిప్పేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఆఫీసు నుంచి ఆర్డర్లు వాచీకో ఇయర్‌పీస్‌కో పంపిస్తూ, ఇంకోపక్క "డ్రైవింగ్‌లో చూడొద్దు" అని గోడ మీద నోటీసు అంటిస్తే డ్రైవర్లు ఏది నమ్మాలి? జవాబు రావడానికి అరగంట పట్టినా ఎవరూ అరవరని డ్రైవరుకి నమ్మకం కుదరాలి, అది కుదరనిదే ఏ రూలూ నిలబడదు. కాగితం మీద పెట్టాలంటే ఇలా రాసుకోవచ్చు, కావాలంటే మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి:

"బండి స్టార్ట్ చేసినప్పటి నుంచి, సురక్షితమైన చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసేదాకా, డ్రైవరు ఒంటి మీద వెలిగే, వణికే, మాట్లాడే పరికరం ఏదీ ఉండకూడదు. సిగ్నల్ దగ్గర ఆగినా ఇదే వర్తిస్తుంది. డాక్టరు చెప్పిన వైద్య పరికరాలకు మినహాయింపు. నడుస్తున్న బండిలో ఉన్న డ్రైవరుకు ఆఫీసు నుంచి ఎవరూ కాల్ గానీ మెసేజ్ గానీ చేయకూడదు. ఆలస్యంగా జవాబిచ్చినందుకు డ్రైవరుపై ఏ చర్యా ఉండదు."

ఆ చివరి రెండు వాక్యాలు తీసేసి మిగతావి ఉంచుతామనే యజమానులు తగులుతారు. తీసేస్తే మొత్తం తీసేయమనండి. జరిమానాలతో మొదలుపెట్టకండి, దాచిపెట్టడం నేర్చుకుంటారు. మొదటి నెలంతా బండి తీసే ముందు టైర్లు, లైట్లు చూసుకునే చెక్‌లిస్టులో "మణికట్టు, చెవులు ఖాళీ" అని ఒక గడి చేర్చండి చాలు, ఆ తర్వాత కూడా వినని ఒకరిద్దరి సంగతి విడిగా మాట్లాడొచ్చు. మీ ప్రాంతంలో ఈ పరికరాల మీద చట్టం ఏం చెప్తోందో కూడా ఒకసారి చూసుకోండి, కొన్నిచోట్ల చేత్తో పట్టుకునే ఫోన్ గురించే రాసి ఉంటుంది, అయినా అశ్రద్ధగా నడిపినందుకు పట్టుకోవచ్చు.

ఈ పద్ధతిలో నాకు మిగిలిన తలనొప్పి ఒక్కటే, దిగేటప్పుడు వాచీని డబ్బాలోనే మర్చిపోవడం. రెండుసార్లు లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఇప్పుడు ఇంటి తాళంచెవి కూడా అదే డబ్బాలో పడేస్తున్నాను, తాళం కోసం చెయ్యి పెడితే వాచీ తగులుతుంది.